రొట్టెల పండుగకు వెళ్తున్నారా? ఫోన్‌లో రూముకు, గేటు దగ్గర రొట్టెకు డబ్బులు ఇవ్వకండి

నెల్లూరు బారాషహీద్ దర్గా దగ్గర జరిగే రొట్టెల పండుగకు మొదటిసారి వెళ్లేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. 2025 జూలై 6 నుంచి 10 వరకు జరిగిన పండుగకు అమ్మ, చెల్లి, నేను వెళ్లాం. రెండు చోట్ల మోసపోయాం. పోయిన డబ్బు పెద్దదేం కాదు. కానీ కోరికతో, నమ్మకంతో వచ్చే మనుషుల్ని చూసి ఇలా చేస్తున్నారే అని ఇప్పటికీ మనసు కుదుటపడటం లేదు.

ముందు రూము సంగతి. 2015లో దీన్ని రాష్ట్ర పండుగగా ప్రకటించినప్పటి నుంచి జనం మరీ ఎక్కువయ్యారని, గంధం ఊరేగింపు జరిగే రాత్రికి ఊళ్లో రూములే దొరకవని అందరూ అంటుంటే టెన్షన్ పడి నెట్‌లో వెతికాను. దర్గామిట్టలో ఫలానా లాడ్జి అని ఫోటోలతో సహా కనిపించింది. ఆ నంబరుకు చేస్తే ఒకతను ఎంతో మర్యాదగా మాట్లాడాడు. "అక్కా, ఒక్క రూమే మిగిలింది, ఇప్పుడు వేస్తేనే మీ పేరు రాస్తాను" అన్నాడు. 2,400 రూపాయలు ఫోన్‌లోనే పంపేశాను. స్క్రీన్ మీద లాడ్జి పేరు కాకుండా ఎవరో మనిషి పేరు వచ్చింది. అక్కడే ఆగాల్సింది, ఆగలేదు.

సామాన్లతో లాడ్జికి వెళ్తే కౌంటర్‌లో ఉన్నాయన నంబరు చూసి, "ఇది మాది కాదమ్మా. పొద్దున్నుంచి ఇలా వచ్చినవాళ్లలో మీరు నాలుగోవాళ్లు" అన్నాడు. మోకాళ్ల నొప్పులతో అమ్మ ఆ మెట్ల మీదే బ్యాగు వేసుకుని కూర్చుండిపోయింది. ఆ రాత్రి దర్గా ఆవరణలో యాత్రికుల కోసం వేసిన షెడ్డు కింద దుప్పటి పరుచుకుని పడుకున్నాం. చుట్టూ వందల కుటుంబాలు అలాగే ఉన్నాయి కాబట్టి భయమేమీ వేయలేదు.

ఇక రొట్టె. మా చెల్లి అప్పుడు డీఎస్సీ రాసి ఫలితం కోసం ఎదురుచూస్తోంది. ఉద్యోగం కోరుకునేవాళ్లు తీసుకునే ఉద్యోగ రొట్టె పట్టాలనే వచ్చింది. మర్నాడు స్వర్ణాల చెరువు వైపు వెళ్తుంటే గేటుకు కాస్త ఇవతల బుట్టతో ఒకతను పలకరించాడు. "ఉద్యోగం వచ్చినవాళ్ల చేతి రొట్టెలమ్మా, లోపల తొక్కిసలాట, మీకు అందవు" అన్నాడు. వెండి కాగితంలో చుట్టిన రొట్టె, 500 రూపాయలు. నేను సందేహిస్తున్నా, చెల్లి మొహం చూసి ఇచ్చేశాను.

చెరువులో మోకాలి లోతు నీళ్లలో, ఉద్యోగ రొట్టె అని బోర్డు పెట్టిన చోట నిలబడి చెల్లి ఆ కాగితం విప్పింది. రొట్టె అట్టలా బిగుసుకుపోయి ఉంది. అంచులు మాడి, మధ్యలో పచ్చిపిండి తెల్లగా కనిపిస్తోంది. పక్కనే స్టీలు డబ్బాతో నిలబడిన ఒక పెద్దావిడ అది చూసి, "ఎవరిచ్చారు తల్లీ?" అని అడిగింది. కొన్నామని చెప్పాం. "రొట్టె కొనడమేంటమ్మా! ఉద్యోగం ఎవరికి వచ్చిందో అడిగారా?" అంది. మా దగ్గర జవాబు లేదు.

ఆవిడ కొడుకు కోసం అంతకు ముందు ఏడాది ఇక్కడే రొట్టె తీసుకుందట, అబ్బాయికి ఉద్యోగం వచ్చిందట, మొక్కు తీర్చుకోవడానికి వచ్చింది. తనే చెల్లి తలమీద చున్నీ కప్పి, బెల్లం పెట్టి మడిచిన రొట్టె చేతిలో పెట్టింది. "ఇక్కడే తినెయ్. నీకు రాగానే నువ్వు చేసి తెచ్చి ఇంకొకరికి ఇవ్వాలి, మర్చిపోకు" అంది. ఆ రొట్టె ఇంకా మెత్తగానే ఉంది.

ఈ పద్ధతి తెలియకే మేం మోసపోయాం. కోరిక తీరినవాళ్లు రొట్టె తెస్తారు, అదే కోరిక ఉన్నవాళ్లు వాళ్ల చేతి నుంచి తీసుకుంటారు. చదువు, పెళ్లి, సంతానం, ఇల్లు, ఆరోగ్యం, అన్నిటికీ ఇదే వరస. ఆర్కాటు నవాబు భార్య జబ్బు ఈ దర్గాలోని పన్నెండుగురు షహీదుల (అమరవీరుల) సమాధుల దగ్గరి మట్టితో నయమైందని, ఆ సంతోషంతో వాళ్లు ఇక్కడికి వచ్చి రొట్టెలు పంచారని చెప్పుకుంటారు. మొదలైందే పంచడంతో. హిందువులు, ముస్లింలు అని లేకుండా ఆ నీళ్లలో ఎవరి చేతి నుంచి ఎవరైనా తీసుకుంటారు.

ఒక మాట మాత్రం న్యాయంగా చెప్పాలి. మొక్కు తీర్చుకోవడానికి వచ్చి, ఇంట్లో చేసి తెచ్చుకోలేకపోయినవాళ్ల కోసం బయట మామూలు రొట్టెలు అమ్మేవాళ్లు ఉంటారు. అది వాళ్ల బతుకుతెరువు, అందులో తప్పు లేదు. "కోరిక తీరినవాళ్ల రొట్టె" అని చెప్పి అమ్మితే మాత్రం నమ్మకండి. ఎంత జనం ఉన్నా చెరువులోకి దిగి, ఇచ్చే మనిషిని ఒక్క మాట అడిగి తీసుకోండి.

గంధం పొట్లాల విషయంలోనూ జాగ్రత్త. అసలు గంధం కోటమిట్ట నుంచి ఊరేగింపుగా వస్తుంది, దాని కోసమే జనం రాత్రంతా జాగారం చేస్తారు. మా పక్క షెడ్డువాళ్లు రోడ్డు మీద కొన్న పొట్లం విప్పితే అగరుబత్తి పొడి వాసన వచ్చింది.

రూము బుక్ చేసేవాళ్లు ముందు తేదీ చూసుకోండి. ముహర్రం నెలలో వచ్చే పండుగ కాబట్టి ఏటా పది పదకొండు రోజులు ముందే వచ్చేస్తుంది. నెల్లూరులో తెలిసినవాళ్లుంటే లాడ్జికి స్వయంగా వెళ్లి మాట్లాడమనండి. లేదంటే అక్కడికి వెళ్లాకే డబ్బు కట్టండి. ఇప్పటికే పంపేసి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయండి. నేను ఇంటికి వచ్చాక నాలుగో రోజున చేశాను, అప్పటికే ఆ ఖాతా ఖాళీ అయిపోయిందన్నారు. రూము పేరుతో మోసం చేసిన నంబరుకు మొన్న ఆదివారం మళ్లీ చేసి చూశాను. రింగ్ అవుతోంది. అదే గొంతు, "చెప్పండక్కా, పండక్కేనా రూము?" అంటోంది.