ఏపీయూ2 రౌటర్ ఏళ్ల వాడకం తర్వాత: ఫ్యాన్ లేకపోవడమే సుఖం, తంటా కూడా అదే

పీసీ ఇంజిన్స్ అనే స్విస్ కంపెనీ చేసిన, రౌటర్‌గా వాడే చిన్న కంప్యూటర్ బోర్డు ఏపీయూ2 తెలిసినవాళ్లకు దాని స్పెసిఫికేషన్లు మళ్లీ చెప్పనక్కర్లేదు. మూడు గిగాబిట్ పోర్టులు, 4 జీబీ ర్యామ్, పైన ఓపీఎన్‌సెన్సో పీఎఫ్‌సెన్సో అనే రౌటర్ సాఫ్ట్‌వేర్. ఇన్నేళ్లు వాడాక చెప్పాలనిపించేది ఒకే సంగతి. ఈ పెట్టెలో ఫ్యాన్ లేదు. దీన్ని వదలకపోవడానికి కారణం అదే, బోర్డు బయటికి తీయాల్సి వచ్చినప్పుడల్లా తిట్టుకునేదీ దాన్నే.

చిన్న రాక్ రౌటర్లలో, చిన్న సర్వర్లలో ముందుగా పోయేది 40 మిల్లీమీటర్ల ఫ్యాన్. దుమ్ము పట్టి బేరింగ్ అరుగుతుంది, కొన్నాళ్లు రొద పెడుతుంది, ఓ రోజు ఆగిపోతుంది. రొద ఆగిందని ఇంట్లోవాళ్లు సంతోషిస్తుంటే లోపల ప్రాసెసర్ ఉడుకుతూ ఉంటుంది. ఏపీయూ2లో తిరిగేది ఏదీ లేదు కనుక ఆ బెడద లేదు. రోడ్డు పక్క ఇంట్లో ఉన్నా లోపల చేరే దుమ్ము చాలా తక్కువ. మూత తీసి బ్రష్‌తో ఒకసారి తుడిస్తే ఆ సంవత్సరానికి సర్వీసింగ్ అయిపోయినట్టే.

మరి వేడి ఎటు పోతుంది? ప్రాసెసర్ ఉండేది బోర్డు అడుగువైపు. దాని కింద వేడిని దాటించే మెత్తటి థర్మల్ ప్యాడ్, ఆ కింద అల్యూమినియం పలక, పలక కింద వేడిని పోనిచ్చే జిగురు పొర, ఆ తర్వాత పెట్టె అడుగు రేకు. వేడిని లాగి గాలిలోకి వదిలే హీట్‌సింక్ ఈ పెట్టే అన్నమాట. ఈ వరుసలో ఎక్కడ సందు వచ్చినా మిగతావన్నీ దండగే. కాబట్టి రౌటర్ నడుస్తున్నప్పుడు అడుగున చేయి పెడితే వేడిగా తగలాలి. చాలామంది ఆ వేడి చూసి కంగారుపడతారు. కంగారు పడాల్సింది రౌటర్ సాఫ్ట్‌వేర్ డ్యాష్‌బోర్డులో ప్రాసెసర్ 80 డిగ్రీలు చూపిస్తుంటే పెట్టె చల్లగా ఉన్నప్పుడు. లోపలి వేడి బయటికి రావడం లేదని దాని అర్థం.

డ్యాష్‌బోర్డులో ఉష్ణోగ్రత అసలు కనబడకపోతే సెట్టింగుల్లో థర్మల్ సెన్సార్‌ను ఏఎండీకి మార్చండి. గది 30 డిగ్రీలు ఉన్నప్పుడు ప్రాసెసర్ 60ల్లో ఉండటం మామూలే. ఈ రకం చల్లార్పులో గది ఎంత వేడెక్కితే లోపలా ఇంచుమించు అంతే పెరుగుతుంది. మే నెలలో మూసిన గదిలో 40 దాటితే 70ల్లోకి వెళ్తుంది, తప్పు కాదు. ఇందులోని జీఎక్స్-412టీసీ ప్రాసెసర్‌కు గరిష్ఠ హద్దు 90. దాని దగ్గరకు పోతుంటే మాత్రం ప్యాడ్ సంగతి చూడాల్సిందే. చూసే ముందు ఒకటి: రౌటర్‌ను ఫైబర్ మోడెం నెత్తిన పెట్టలేదు కదా? అడుగున గుడ్డ పరిచి షెల్ఫ్‌లో పెట్టలేదు కదా? గోడకు నిలువుగా బిగిస్తే గాలి తగిలి కొన్ని డిగ్రీలు తగ్గుతుంది, ఖర్చు లేని మందు.

బోర్డును అసలు పెట్టెలోంచి తీయాల్సిన అవసరం ఎందుకొస్తుంది అంటే, మన దగ్గర ఎక్కువగా పిడుగుల వల్ల. ఇప్పటికీ చాలా వీధుల్లో ఇంటర్నెట్ స్తంభం మీది స్విచ్ నుంచి డాబా మీదుగా రాగి కేబుల్‌తోనే ఇంట్లోకి వస్తుంది. దగ్గర్లో పిడుగు పడితే ఆ తీగ మోసుకొచ్చే దెబ్బ నేరుగా వ్యాన్ పోర్టుకు, అంటే ఇంటర్నెట్ తీగ పెట్టే పోర్టుకు, తగులుతుంది. పోర్టు లైట్లు వెలగవు, ఒక్కోసారి సిస్టమ్ జాబితాలోంచి ఆ ఇంటర్‌ఫేసే మాయమవుతుంది. పోయేది ఆ పోర్టును నడిపే ఇంటెల్ ఐ210 చిప్. అది బోర్డుకు సోల్డర్ చేసి ఉంటుంది, మార్చే వస్తువు కాదు. మూడో పోర్టు ఖాళీగా ఉంటే వ్యాన్‌ను దానికి మార్చుకుని కాలం గడపొచ్చు. లేదంటే బోర్డే మార్చాలి. అప్పుడు పని మొదలవుతుంది.

ముందు అన్ని తీగలూ పీకండి, అడాప్టర్‌తో పాటు ల్యాన్ కేబుళ్లు కూడా. దీని అడాప్టర్ రెండు పిన్నులదైతే పెట్టెకు ఎర్త్ ఉండదు. కరెంటు ఉండగా రేకును తాకితే చిన్న జుమ్ము తెలిసేది అందుకే. ఎర్త్ ఉన్న ఏదైనా లోహాన్ని ఓసారి ముట్టుకుని, ఆ తర్వాత పని చేసినంతసేపూ ఒక చేయి రౌటర్ రేకు మీద ఉంచితే చాలు. ముఖ్యం ఏమిటంటే చేతికీ బోర్డుకూ మధ్య స్టాటిక్ కరెంటు తేడా ఉండకూడదు, అది చిప్పులను పాడుచేస్తుంది. స్టాటిక్ పోవడానికి మణికట్టుకు కట్టుకునే రిస్ట్ స్ట్రాప్ ఉంటే దాని క్లిప్పును పెట్టె రేకుకే తగిలించండి. హైదరాబాద్ చలికాలంలో, ఏసీ గదుల్లో గాలి పొడిగా ఉన్నప్పుడు ఈ జాగ్రత్త మరీ అవసరం.

తెర లేని ఈ పెట్టెతో వేరే కంప్యూటర్ నుంచి మాట్లాడటానికి ఉన్న సీరియల్ పోర్టుకు రెండు వైపులా ఉన్న ఆరు మూలల నట్లు ముందు తీయాలి, 5 మిల్లీమీటర్ల స్పానర్ పడుతుంది. అవి ఉంచి బోర్డు లాగితే వంగేది పోర్టే. ఆ తర్వాత బోర్డు స్క్రూలు. ఇక బోర్డు పైకి రావాలి గానీ రాదు, పాత ప్యాడ్ పట్టుకుని ఉంటుంది. స్క్రూడ్రైవర్ దూర్చి ఎగదీయొద్దు, ఆ చోట సన్నటి ట్రాకులు ఉంటాయి. అంతా తిరిగి బిగించి, రౌటర్ ఇంకా ఆన్ అవుతుంటే పావుగంట నడిపి, ఆపిన వెంటనే విప్పండి. వేడికి ప్యాడ్ పట్టు సడలుతుంది. లైట్లు ఉన్న వైపు అంచును నెమ్మదిగా ఎత్తి, పోర్టుల వైపును రంధ్రాల్లోంచి వెనక్కి జరిపితే వచ్చేస్తుంది.

పాత ప్యాడ్ ఎంత బాగున్నట్టు కనబడినా మళ్లీ వాడొద్దు. ఒకసారి నలిగిన ప్యాడ్ ఆ ఆకారంలోనే ఉండిపోతుంది, రెండోసారి పూర్తిగా ఆనదు. సగం ప్రాసెసర్‌కు, సగం పలకకు అంటుకుని చిరుగుతుంది కూడా. ప్లాస్టిక్ ముక్కతో గీకి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి, బ్లేడు వద్దు. అల్యూమినియం పలక పెట్టెకు అతుక్కునే ఉంటుంది, దాన్ని కదపకండి. పెట్టె కూడా మారుస్తుంటే పలకను ఊడబీకి తేవడం కంటే పలకతో సహా ఉన్న పెట్టె వెతుక్కోవడం మేలు. ఊడదీసిన పలక కాస్త వంగినా చాలు, పూర్తిగా ఆనదు.

ఎక్కువమంది దెబ్బతినేది తర్వాతి మెట్టులో. కొత్త ప్యాడ్‌కు రెండు వైపులా పల్చటి రక్షణ పొర ఉంటుంది. ఒకవైపుది తీసి ప్రాసెసర్ మీద అంటిస్తారు, రెండో వైపుది కంటికి ఆనదు, అలాగే బిగించేస్తారు. రౌటర్ మామూలుగానే ఆన్ అవుతుంది, మొదటి గంట ఏమీ తెలియదు. తర్వాత వీపీఎన్‌లో పెద్ద ఫైలు వెళ్లేటప్పుడు ఉష్ణోగ్రత ఎక్కుతూ పోతుంది, పెట్టె అడుగు మాత్రం గోరువెచ్చగానే ఉంటుంది. ఆ రెండూ కలిసి కనబడితే వేరే కారణం వెతకొద్దు, మళ్లీ విప్పండి.

ప్యాడ్ బదులు కంప్యూటర్ షాపులో దొరికే థర్మల్ పేస్టు పూయడం ఇంకో పొరపాటు. పేస్టు ఒకదానికొకటి ఆనే రెండు లోహాల మధ్య పల్చటి పూతకు, ఇక్కడ పూడ్చాల్సింది సందు. ప్యాడ్ మందం కూడా ఏదో ఒకటి పెడితే కుదరదు. మందం ఎక్కువైతే స్క్రూలు బిగించేకొద్దీ బోర్డు మధ్యలో వంగుతుంది, తక్కువైతే ఆనదు. అసలు ప్యాడ్ దొరకకపోతే పిల్లల ఆటమట్టి చిన్న ఉండను పల్చటి ప్లాస్టిక్ కాగితంలో చుట్టి ప్రాసెసర్ కింద పెట్టి, బోర్డును చేత్తో స్క్రూల మట్టానికి నొక్కండి. అణిగిన మట్టి మందం కొలిస్తే అదే సందు. దానికన్నా ఒక పిసరు ఎక్కువున్న మెత్తటి ప్యాడ్ తీసుకోవాలి. స్క్రూలను ఎదురెదురు మూలలు చూసుకుంటూ కొద్దికొద్దిగా తిప్పండి. ఒక మూల పూర్తిగా బిగించి రెండో మూలకు వెళ్తే ప్యాడ్ ఒక వైపుకు జరుగుతుంది.

ఫ్యాన్ మార్చే రౌటర్‌లో ఇది పది నిమిషాల పని, అదీ నిజమే. ఫ్యాన్ లేనందుకు ఇంత పొగిడాక ఈ మాట కూడా చెప్పాలి.

పైవైపు భాగాల సంగతి వేరు, అక్కడ ఇది బంగారం. మూత తీస్తే ఎంసాటా ఎస్‌ఎస్‌డీ (సిస్టమ్ ఉండే చిన్న డిస్కు), వైఫై లాంటి మినీ పీసీఐఈ కార్డులు కళ్లెదుటే. బోర్డు కదపనక్కర్లేదు, ప్యాడ్ జోలికి పోనక్కర్లేదు. ఒకటే చిక్కు, ఎంసాటా స్లాటూ మినీ పీసీఐఈ స్లాట్లూ చూడటానికి ఒకేలా ఉంటాయి. ఎస్‌ఎస్‌డీని పక్క స్లాటులో పెడితే కార్డు చక్కగా కూర్చుంటుంది, బూట్ మెనూలో మాత్రం కనబడదు. పాతది తీసేముందు ఫోన్‌లో ఒక ఫొటో తీసుకుంటే సరి. కార్డును అంచులు పట్టుకుని ఏటవాలుగా దూర్చి, బంగారు పళ్లు సమంగా లోపలికి పోయాకే కిందికి నొక్కాలి.

16 జీబీ ఎస్‌ఎస్‌డీ పెట్టి సురికాటా (దాడులను పసిగట్టేది), ఎన్‌టాప్ (ట్రాఫిక్ లెక్క చూపేది) రెండూ నడిపితే అవి రాసే లాగులే దాన్ని తినేస్తాయి. లాగులను ర్యామ్ డిస్కుకు, అంటే ర్యామ్‌లోనే కేటాయించిన చోటుకు, మళ్లించే సెట్టింగ్ ఉంది, 4 జీబీ బోర్డులో ఇబ్బంది ఉండదు. కాకపోతే కరెంటు పోతే ఆ లాగులూ పోతాయి. కొత్త డిస్కులో సిస్టమ్ వేసుకోవడానికి సీరియల్ ఇమేజ్ (సీరియల్ పోర్టు మీద నడిచే ఇన్‌స్టాలర్), నల్ మోడెం కేబుల్ (తీగలు అడ్డంగా మారిన సీరియల్ కేబుల్), 115200 వేగం కావాలి. ఇందులో హెచ్‌డీఎంఐ లేదు. మామూలు నేరు సీరియల్ కేబుల్ పెట్టి ఖాళీ తెర చూస్తూ బోర్డు చచ్చిందనుకున్నవాళ్లు తక్కువేం కాదు.

బోర్డు మార్చినప్పుడు ఈ ఎస్‌ఎస్‌డీని పాతదాంట్లోంచి తీసి కొత్తదాంట్లో పెడితే చాలు, సెట్టింగులన్నీ అలాగే లేస్తాయి. ఇంటర్‌ఫేస్ పేర్లు కూడా మారవు. మారేది మ్యాక్ అడ్రస్, అంటే ఒక్కో పోర్టుకు ఉండే గుర్తింపు సంఖ్య. చాలామంది కేబుల్ ఆపరేటర్లు కనెక్షన్‌ను మ్యాక్‌కు కట్టేస్తారు, అందుకే కొత్త బోర్డుకు నెట్ రాదు. పాత వ్యాన్ మ్యాక్ ముందే రాసిపెట్టుకుంటే వ్యాన్ సెట్టింగ్‌లో దాన్నే వేసేయొచ్చు, ఆపరేటర్‌కు ఫోన్ కొట్టే పని తప్పుతుంది.

బ్యాటరీ గురించి ఎవరూ పట్టించుకోరు. మామూలు సీఆర్2032 బిళ్ల. అది అయిపోతే రౌటర్ నడుస్తున్నన్నాళ్లూ ఏమీ తెలియదు. ఓ రోజు కరెంటు పోయి వస్తుంది, గడియారం ఎప్పటిదో పాత తేదీకి వెళ్తుంది. సైటు పేర్ల జవాబులను డిజిటల్ సంతకంతో సరిచూసే డీఎన్ఎస్‌సెక్ ఆన్‌లో ఉంటే తేదీ తప్పు కనుక సంతకాలు చెల్లవు, సైటు పేర్లు తెరుచుకోవు. పేర్లు తెరుచుకోకపోతే సరైన సమయం చెప్పే ఎన్‌టీపీ సర్వర్ దొరకదు, అది దొరక్కపోతే తేదీ సరికాదు. నెట్ ఉంటుంది, ఐపీ అడ్రస్‌కు పింగ్ కొడితే జవాబు వస్తుంది, ఒక్క సైటూ తెరుచుకోదు. ఆపరేటర్‌ను తిట్టే ముందు రౌటర్ తేదీ చూడండి. బిళ్ల మార్చండి, ఎన్‌టీపీ జాబితాలో ఒకదాన్ని ఐపీ అడ్రస్‌గా రాసి ఉంచండి. బూట్ వరుస ఫ్లాష్‌లో ఉంటుంది కనుక బిళ్ల తీసినా పోదు.

వైఫై కార్డు మార్చేటప్పుడు యాంటెన్నా బొత్తాలను తీగ పట్టి లాగొద్దు, నిలువుగా పైకి ఎత్తండి. ఆ బొత్తాన్ని, అంటే యూ.ఎఫ్‌ఎల్ కనెక్టర్‌ను, తయారీదారు 30 సార్లు పెట్టి తీయడానికే లెక్కగట్టాడు. ఊరికే విప్పి చూసే అలవాటుంటే అది తొందరగానే వదులవుతుంది. సిమ్‌ను కరెంటు ఆపాకే మార్చాలి.

అడాప్టర్ 12 వోల్టులు, మధ్య పిన్ను ప్లస్, పిన్ను 2.5 మిల్లీమీటర్లు. ఇంట్లో పడి ఉండే సెట్‌టాప్ బాక్సు, మోడెం అడాప్టర్లలో చాలావాటి ప్లగ్గు 2.1, ఇందులోకి పోదు. నొక్కి దూర్చే ప్రయత్నంలో జాక్ సోల్డర్ కదులుతుంది. ప్లగ్గు ముందు రౌటర్‌కు పెట్టి, ఆ తర్వాతే గోడ స్విచ్ వేస్తే జాక్ దగ్గర నిప్పురవ్వ రాదు. ఫర్మ్‌వేర్ ఫ్లాష్ చేశాక కూడా రీబూట్ సరిపోదు, ఈ ప్లగ్గు పీకి పది సెకన్లు ఆగాలి.

కొనమంటారా అంటే, 2023లో కంపెనీ ఈ బోర్డుల తయారీకి ముగింపు ప్రకటించింది. ఇక దొరికేవి మిగిలిన సరుకు, సెకండ్ హ్యాండ్. నా లైన్ 300 ఎంబీపీఎస్ లోపలే, గదిలో రొద పనికిరాదు, సీరియల్ కేబుల్ అంటే భయం లేదు. ఈ మూడూ కలిశాయి కాబట్టి దీంతో నడిచిపోతోంది. గిగాబిట్ పీపీపీఓఈ లైన్ (యూజర్‌నేమ్, పాస్‌వర్డ్‌తో కలిసే లైన్) ఉన్నవాళ్లకు ఒక్క కోర్ మీదే భారం పడి పూర్తి వేగం రాదు, వాళ్లు దీని జోలికి రాకపోవడమే మంచిది. సెకండ్ హ్యాండ్‌లో కొనేవాళ్లు మూడు పోర్టుల్లోనూ కేబుల్ పెట్టి గిగాబిట్ లింక్ వస్తోందా చూడండి, అరగంట లోడు పెట్టి ఉష్ణోగ్రత చదవండి, అడుగున చేయి పెట్టి చూడండి. అమ్మేవాడు ప్యాడ్ ఎప్పుడు మార్చాడో చెప్పలేకపోతే దాని ధర మీరు విడిగా కలుపుకోండి.