పింట్ అంటే ఎంత? బెంగళూరులో మా బీరు యాత్ర

మొదటి తప్పు నాదే, ఒప్పుకుంటున్నా. దసరాకి వరుస సెలవులు దొరికాయని నెల ముందే విజయవాడ నుంచి బస్సు టికెట్లు తీశాను. 2025 లో దసరా అక్టోబర్ 2 న పడింది. ఆ రోజు గాంధీ జయంతి కూడా అన్న సంగతి బుర్రకి తట్టలేదు. తెలంగాణలో ఆ రోజు ముక్కా చుక్కా లేని దసరా అని జనం ఎంత గోల పెట్టారో మీకు గుర్తుండే ఉంటుంది. మేము ఆ గోలకి దూరంగా, బీరు కోసమే బెంగళూరు వెళ్లి, మందు అమ్మని డ్రై డే రోజు పొద్దున్నే బస్సు దిగాం.

మేమంటే ముగ్గురం. నేను, మా అక్క మొగుడు అంటే మా బావ, ఇంకా శ్రీను. శ్రీను బీరు ముట్టడు, తిండి కోసం వస్తాడు, బిల్లు లెక్కలు మాత్రం వాడే చూస్తాడు. బావ ఇరవై ఏళ్లుగా 650 ఎంఎల్ స్ట్రాంగ్ సీసా తప్ప ఇంకోటి ముట్టని మనిషి. "అక్కడికక్కడే కాచి ఇస్తారు బావా, కల్లు పాకలాగే తాజాగా ఉంటుంది" అని నేను నెల రోజులు ఊరించి తీసుకెళ్లాను. ఇందిరానగర్‌లో ఒక పబ్బు గుమ్మం ముందు "ఈరోజు ఆల్కహాల్ లేదు" అన్న బోర్డు చూసి ఆయన ఏమీ అనలేదు. అదే భయం వేసింది. సాయంత్రం దాకా ఏమీ అనలేదు. ఆ రోజంతా ఇడ్లీలు, దోసెలు, కాఫీలతో గడిచింది, శ్రీను ఒక్కడే సంతోషంగా ఉన్నాడు.

రూము ఇందిరానగర్ మెట్రోకి నడిచే దూరంలో, రోజుకి 2,300. వేడినీళ్లు సన్నగా వచ్చేవి, అంతకుమించి ఫిర్యాదు లేదు. పర్పుల్ లైన్ పక్కన దిగితే ఎంజీ రోడ్డు నుంచి వైట్‌ఫీల్డ్ దాకా ఒకే రైల్లో తిరగొచ్చు. తాగి ఆ ట్రాఫిక్‌లో ఆటోవాళ్లతో బేరమాడే బాధ ఉండదు.

ఇక అసలు కథ శుక్రవారం సాయంత్రం. కోరమంగలలో ఒక బ్రూపబ్, అంటే బీరు అక్కడే కాచి అమ్మే పబ్బు (పేరు రాయను), ఫోటోల్లో బ్రహ్మాండంగా ఉంది, రేటింగు బాగుంది. గుమ్మం దగ్గర పెట్టిన పోస్టర్‌లో చెయ్యంత గ్లాసు, పైన నురగ. మెనూలో "పింట్ 395" అని ఉంది. సరే అని నేను, బావ చెరో మూడు తాగాం. గ్లాసు చిన్నగా ఉందని మొదటిసారే అనిపించింది, కానీ చీకటి, పాటల హోరు, పైగా ఒక రోజు ఆలస్యమైన దాహం, పట్టించుకోలేదు. మూడోది అయ్యాక బావ గ్లాసు ఎత్తి పట్టుకుని "ఒరేయ్ బామ్మర్దీ, ఇది మన చిన్న బీరంత కూడా లేదేంట్రా" అన్నాడు.

శ్రీను మెనూ తిరగేశాడు. చివరి పేజీ అడుగున చీమతలకాయంత అక్షరాల్లో ఉంది: పింట్ 330 ఎంఎల్, మగ్ 500 ఎంఎల్. పోస్టర్ మీదున్నది మగ్గట. మేనేజర్‌ని పిలిస్తే "ఇండియాలో పింట్ అంటే 330 యే సార్" అన్నాడు. మాట నిజమే, మన వైన్ షాపుల్లో కూడా పింట్ అంటే 330 చిన్న సీసాయే. కానీ సీసా మీద ఆ అంకె రాసి ఉంటుంది, గ్లాసు మీద ఉండదు. బ్రిటన్ వాళ్ల పింట్ 568, అమెరికా వాళ్లది 473. ఫోటో ఇంగ్లండ్‌ది, కొలత వైన్ షాపుది. పోస్టర్ మీది మగ్గుతో పోలిస్తే ఒక్కో గ్లాసుకి 170 ఎంఎల్ చొప్పున ఆరు గ్లాసుల్లో లీటరు పైనే మేము ఊహించుకున్న బీరు గాలిలో కలిసిపోయింది. 330 లో కూడా పైన రెండు వేళ్ల మందాన నురగే.

ఇంతలో బిల్లు వచ్చింది. బీరు 2,370, తిండి 1,305, దాని కింద సర్వీస్ ఛార్జి పది శాతం, 367 రూపాయల 50 పైసలు, ఆ తర్వాత పన్నులు. ఇక్కడ శ్రీను లేచాడు. సర్వీస్ ఛార్జి బిల్లులో తమంతట తాము కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జులైలోనే చెప్పింది, హోటళ్లవాళ్లు కోర్టుకెక్కితే ఢిల్లీ హైకోర్టు 2025 మార్చిలో ఆ సంస్థ వైపే తీర్పిచ్చింది. ఇదంతా వాడికి నోటికొచ్చు. మేనేజర్ "అందరూ ఇస్తున్నారు సార్, మీకొక్కరికే సమస్యా" అని పక్క టేబుళ్లకి వినపడేలా అన్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది. శ్రీను మాత్రం ఫోన్ తీసి 1915 నొక్కడం మొదలుపెట్టాడు, వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు అది. మారు మాట్లాడకుండా మేనేజర్ బిల్లు పట్టుకుని లోపలికి వెళ్లి కొత్తది తెచ్చాడు. 367.50 పోయింది, క్షమాపణ రాలేదు. పచ్చి నీళ్లు తాగిన మనిషి మా డబ్బు కాపాడాడు. బీరు ఎలా ఉందంటారా? గుర్తు లేదు, చల్లగా ఉంది.

ఆ రాత్రి రూములో బావ "రేపు నేను వైన్ షాపుకెళ్లి నా సీసా నేను తెచ్చుకుంటా" అని తేల్చేశాడు.

శనివారం మధ్యాహ్నం తలుపులు తీసే వేళకే ఇందిరానగర్ 100 అడుగుల రోడ్డులోని టాయిట్ అనే బ్రూపబ్‌కి లాక్కెళ్లాను. 2010 నుంచి ఉన్న చోటు, శనివారం సాయంత్రం వెళితే బయట నిలబడాల్సిందే, మధ్యాహ్నం అయితే కుర్చీ దొరుకుతుంది. కూర్చోగానే నేనడిగిన మొదటి మాట "గ్లాసు ఎన్ని ఎంఎల్?" బావ నవ్వాడు, రెండు రోజుల్లో అదే మొదటి నవ్వు. రుచి చూస్తామంటే చిన్న గ్లాసుల్లో తెచ్చి పెట్టారు. గోధుమ బీరు వాసన చూసి బావ "ఇందులో అరటిపండు పిండారా?" అన్నాడు. పండేమీ ఉండదు, ఆ రకం ఈస్టు పులిసేటప్పుడే అరటిపండు, లవంగం వాసన పుడుతుంది. తర్వాత టిన్‌టిన్ టాయిట్, బెల్జియం పద్ధతిది, అందులో నారింజ తొక్క, ధనియాలు వేస్తారని చెప్పగానే ఆయన ఇంకో గుక్క తాగి "చారులో వేసేవి బీరులో వేశారన్నమాట, బాగుందిరా" అన్నాడు. చివరికి ఆయన స్థిరపడింది బాస్మతి బ్లాండ్ మీద. బియ్యం కూడా వేసి చేసిన బీరు, తేలిగ్గా, శుభ్రంగా ఉంటుంది. అన్నం తినే మనిషి అన్నం దగ్గరికే చేరాడు. "కిక్ లేదు" అని ప్రతి గ్లాసుకీ అంటూనే నాలుగు తాగాడు. పన్నులన్నీ కలిపి ఒక్కో గ్లాసు 500 లోపే పడింది.

నాలుగింటికి మెట్రోలో ఎంజీ రోడ్డు, అక్కడి నుంచి నడిచి మాగ్రత్ రోడ్డులోని ఆర్బర్ అనే బ్రూపబ్. అమెరికాలో మిచిగన్‌లోని ఆన్ ఆర్బర్ ఊరి కంపెనీ పేరుతో 2012 లో మొదలైంది. వాళ్ల రేజింగ్ ఎలిఫెంట్ అనే ఐపీఏ కోసం వెళ్లాను. ఐపీఏ అంటే హాప్స్ అనే పూలు (బీరుకి చేదు ఇచ్చేవి అవే) ఎక్కువ వేసిన చేదు బీరు. కాకరకాయ పులుసు ఇష్టపడేవాళ్లకి నచ్చుతుంది, నాకు బాగా నచ్చింది. బావ ఒక్క గుక్క తాగి గ్లాసు నా వైపు జరిపాడు. శ్రీను రెండు ప్లేట్లు తిని నిద్రపోయాడు, కుర్చీలోనే.

వైట్‌ఫీల్డ్‌లోని విండ్‌మిల్స్‌కి వెళ్లలేకపోయాం. జాజ్ సంగీతం వింటూ తాగే చోటు. డల్లాస్‌లో ఉన్న మా పిన్ని కొడుకు ఆ పక్కనే ది కాలనీ అనే ఊళ్లో ఉన్న వాళ్ల శాఖకి వెళుతుంటాడు, మేము బెంగళూరు దాకా వెళ్లి చూడలేదని తిట్టాడు.

ఆదివారం ఇంటికి వచ్చే ముందు ఒక పెద్ద లిక్కర్ షాపులో విదేశీ సీసాలు చూద్దామని దూరాం. అద్దాల అర, ట్యూబులైట్ల వెలుగు, ఫ్రిజ్‌లో మాత్రం మనకి తెలిసిన బ్రాండ్లే. ఒక ఐపీఏ సీసా 420 పెట్టి కొన్నాను, తేదీ చూడలేదు. రూములో మూత తీస్తే గబ్బు వాసన. ఆకుపచ్చ సీసా, వెలుతురు తగిలితే హాప్స్ పాడై అలా కంపు కొడుతుంది. గోధుమ రంగు సీసా గానీ డబ్బా గానీ అయితే ఆ బాధ తక్కువ. తర్వాత తేదీ చూస్తే తయారై ఏడు నెలలు. ఐపీఏ పాతబడే కొద్దీ విలువ పెరిగే సరుకు కాదు. మార్చడానికి వెళితే కౌంటర్ కుర్రాడు తల ఎత్తకుండా "ఓపెన్ చేసింది తీసుకోం" అన్నాడు. నిజమే, తెరవకుండా వాసన ఎలా తెలుస్తుందో మాత్రం చెప్పలేదు. సీసాలు కొనాలంటే ఫ్రిజ్‌లోంచి కొనండి, తేదీ చూసి కొనండి, రెండూ కుదరకపోతే ఆ డబ్బుతో బ్రూపబ్‌లో ఇంకో గ్లాసు తాగండి.

డిసెంబర్‌లో మళ్లీ వెళదామని బస్సులో బావే అన్నాడు. ఈసారి టికెట్లు తీసే ముందు డ్రై డేలు చూసే పని శ్రీనుకి అప్పగించాం, తాగనివాడైతేనే సరిగ్గా చూస్తాడని.