ముఖం కనిపించని ఫొటోలకు హనుమకొండ కలర్ ల్యాబ్

హనుమకొండలోని కలర్ ల్యాబ్‌లకు చావు ఫొటోలు కొత్త కాదు. గ్రూప్ ఫొటోలోంచి పోయినవారి ముఖాన్ని కత్తిరించి, వెనుక నీలిరంగు వేసి, చర్మాన్ని నునుపు చేసి, దశదినకర్మ నాటికి దండ వేసేందుకు సిద్ధంగా ఇస్తారు. అటువంటి ఒక ల్యాబ్‌కే నేను ముఖం సరిగా కనిపించని ఫొటోలు తీసుకెళ్లాను.

అవి నాయిన పోయిన తరువాతి చలికాలంలో, ఆయన నల్ల గొంగడి కప్పుకొని, పాకాల చెరువు దగ్గర నన్ను నేను తీసుకున్నవి. గణపతిదేవుని కాలం నాటి ఆ కట్ట మీద ట్రైపాడ్ నిలిపి, టైమర్ ఇచ్చే 10 సెకన్లలో నీటి అంచుకు చేరాలి కనుక చాలా వాటిలో నా వీపే పడింది. నాయిన నడకను వెనుక నుంచి చూసినట్లు అనిపించి వాటినే ఉంచుకున్నాను. మంచులో అడవి, నీరు ఒకే బూడిదరంగులో కలిసిపోయి ఉంటాయి.

మొదటి విడత మెరిసే గ్లాసీ ప్రింట్లు నిరాశపరిచాయి. మంచు తెల్లని సున్నంలా మారింది, గొంగడి నేత కనిపించని నల్ల ముద్ద అయింది. “మొఖం కనిపిస్తలేదు మేడం, జర తెల్లగ చేసిన” అన్నాడు ఆపరేటర్. “ఇవి దండేసే ఫొటోలు కావన్నా” అన్న తరువాత మాత్రం అతను కరెక్షన్ అంతా తీసేసి, చిన్న ముక్క మీద పరీక్షించి చూపి, మెరుపు లేని మ్యాట్ కాగితం మీద మళ్లీ వేశాడు. మ్యాట్‌లో నలుపు గ్లాసీలో ఉన్నంత లోతుగా రాదు, కానీ ఈ ఫొటోలకు ఆ కొరతే కలిసివచ్చింది: గొంగడి పోగులు తేలాయి, అవతలి గట్టు మసకగా నిలిచింది.

లోపాలూ ఉన్నాయి. 12×18 అంగుళాల ప్రింట్‌లో ఫ్రేమ్ మొత్తం వచ్చింది. 16×20లో మాత్రం అడగకుండానే పక్కలు కోసి, అంచున ఉన్న చెట్టును తీసేశారు. వెనుక బాల్‌పెన్‌తో గట్టిగా రాసిన ఆర్డర్ నంబర్ ముందువైపు ఆకాశంలో గీతగా ఉబ్బింది, ఆ ప్రింట్‌ను మళ్లీ వేయించుకోవలసి వచ్చింది.

ఇటువంటి పని చేయించదలచినవారు ఫైళ్లను ఎస్ఆర్‌జీబీ అనే సాధారణ రంగుల ప్రమాణంలో ఇచ్చి, కరెక్షన్, లామినేషన్ రెండూ వద్దని ఆర్డర్ చీటీ మీదే రాయించాలి. ముహూర్తాల రోజుల్లో పెళ్లి ఆల్బమ్‌ల నడుమ ఎవరి మాటా వినే తీరిక అక్కడ ఉండదు కనుక మౌఢ్యంలో వెళ్లడం మేలు.