సిమ్ పట్టే ల్యాప్‌టాప్, మూడేళ్ల వాడకం తర్వాత: నిద్ర లేచాక మోడెమ్ ఎందుకు దొరకదు

నానో సిమ్ వేసుకునే 14 అంగుళాల ఆఫీసు ల్యాప్‌టాప్ ఇది. 16 జీబీ ర్యామ్, విండోస్ 11, లోపల ఎం.2 స్లాట్‌లో (చిన్న కార్డులు గుచ్చే గాడి) 4జీ మోడెమ్ కార్డు, అంటే సిమ్‌తో నెట్ తెచ్చే భాగం. కాజీపేట నుంచి సికింద్రాబాద్ దాకా 132 కిలోమీటర్ల రైలు దారిలో ఫోన్ బ్యాటరీ హాట్‌స్పాట్‌కు ధారపోయకుండా పని చేసుకోవచ్చు. కీబోర్డు, స్క్రీన్ బాగున్నాయి. మూడేళ్లూ సతాయించింది ఒక్కటే: కాజీపేటలో మూత పెట్టి జనగామలో తెరిస్తే 'సెల్యులార్' అన్న బటనే కనబడదు.

కార్డు ఖరాబైందనుకుని మార్పించడానికి తొందరపడొద్దు. రీస్టార్ట్ చేయగానే మోడెమ్ వచ్చి, మళ్లీ నిద్రలోకి (స్లీప్) పోయేదాకా సాఫీగా నడుస్తుంటే కార్డు బాగానే ఉన్నట్టు. యాంటెన్నా వైరు ఊడితే సిగ్నల్ ఎప్పుడూ నీరసంగానే ఉంటుంది, దానికి నిద్రతో పని లేదు. ఇక్కడి తిరకాసు కరెంటుది. 4జీ కార్డుల్లో చాలావరకు చూడ్డానికి ఎం.2 అయినా, కంప్యూటర్‌తో మాట్లాడేది యూఎస్‌బీ తీగల మీదే. నిద్రలో విండోస్ ఆ పోర్టుకు పవర్ తగ్గిస్తుంది. లేచాక మోడెమ్ తేరుకుని పలకడం ఆలస్యమైతే, విండోస్ దాన్ని లేనట్టే లెక్కేసి వదిలేస్తుంది.

ఏం చేయాలన్నది మోడెమ్ ఏ స్థితిలో ఉందన్నదాన్ని బట్టి ఉంటుంది. మూత తెరిచిన వెంటనే, ఏదీ ముట్టుకోకముందే, డివైజ్ మేనేజర్‌లో నెట్‌వర్క్ అడాప్టర్లు చూడండి. మోడెమ్ పేరే లేకపోతే వ్యూ మెనూలో 'షో హిడెన్ డివైజెస్' నొక్కండి. పేరు మసకగా కనబడి, ప్రాపర్టీస్‌లో కోడ్ 45 ఉంటే అది యూఎస్‌బీ నుంచే తెగిపోయింది. పేరు మీద పసుపు త్రికోణం, కోడ్ 10 లేదా 43 ఉంటే కార్డు అందింది కానీ డ్రైవర్‌తో (కార్డును నడిపించే ప్రోగ్రామ్) పొసగలేదు. పేరు మామూలుగా ఉండి, సిగ్నల్ గీతలూ ఉండి నెట్ మాత్రం రాకపోతే తప్పు నెట్‌వర్క్ వైపుది.

ఈ మూడోదే తేలిక. ఎయిర్‌ప్లేన్ మోడ్ పది సెకన్లు పెట్టి తీయండి. కుదరకపోతే సర్వీసెస్‌లో 'డబ్ల్యూవాన్ ఆటోకాన్ఫిగ్' రీస్టార్ట్ చేసి, ఏపీఎన్ (సిమ్ కంపెనీ నెట్‌కు దారి చూపే పేరు) సరిచూడండి: జియోకు 'జియోనెట్', ఎయిర్‌టెల్‌కు 'ఎయిర్‌టెల్‌జీపీఆర్ఎస్ డాట్ కామ్'. ఒక జాగ్రత్త: ఈ పరీక్ష ఇంట్లో ఒకే చోట చేయండి. తాడ్వాయి, ఏటూరునాగారం అడవి దారిలో చేస్తే టవర్ అందలేదో, మోడెమ్ లేవలేదో తేలదు.

పసుపు త్రికోణమైతే డిజేబుల్, ఎనేబుల్ చేసి చూడండి. విండోస్ అప్‌డేట్ తర్వాతే మొదలైందంటే 'రోల్ బ్యాక్ డ్రైవర్' వాడండి. కొత్త డ్రైవరూ, మోడెమ్ ఫర్మ్‌వేరూ (కార్డు లోపలే ఉండే సాఫ్ట్‌వేర్) ల్యాప్‌టాప్ కంపెనీ పేజీలో మీ మోడల్ నంబర్‌కు ఇచ్చినవే వేయాలి. ఫర్మ్‌వేర్ ఎక్కించేటప్పుడు చార్జర్ పెట్టే ఉంచండి, మధ్యలో మూత వేయకండి.

అసలు బాధ మొదటిది, పేరే మాయమయ్యేది. ముందు 'స్కాన్ ఫర్ హార్డ్‌వేర్ చేంజెస్' నొక్కండి. రాకపోతే రీస్టార్ట్ చేయాలి, షట్‌డౌన్ కాదు. ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే షట్‌డౌన్‌లో విండోస్ తన కెర్నల్‌ను, అంటే మూల భాగాన్ని, డిస్క్‌లో దాచి, మళ్లీ అదే తెరుస్తుంది, చిక్కు కూడా దానితోనే తిరిగొస్తుంది. షిఫ్ట్ నొక్కిపట్టి షట్‌డౌన్ చేస్తే పూర్తిగా ఆగుతుంది.

శాశ్వతంగా పోగొట్టాలంటే రెండు మార్పులు. పవర్ ఆప్షన్స్ అడ్వాన్స్‌డ్‌లో 'యూఎస్‌బీ సెలెక్టివ్ సస్పెండ్' బ్యాటరీకి, చార్జర్‌కు రెండింటికీ డిజేబుల్ చేయండి. డివైజ్ మేనేజర్‌లో మోడెమ్‌కూ, ప్రతి యూఎస్‌బీ రూట్ హబ్‌కూ పవర్ మేనేజ్‌మెంట్ ట్యాబ్‌లో 'పవర్ ఆదాకు ఈ పరికరాన్ని ఆపవచ్చు' అన్న టిక్కు తీసేయండి. ఆ ట్యాబే లేదా? మీది మోడర్న్ స్టాండ్‌బై (ఫోన్‌లా నిద్రలోనూ కొంత మేల్కొనే ఉండే) యంత్రం అయి ఉండొచ్చు. కమాండ్ ప్రాంప్ట్‌లో పవర్‌సీఎఫ్‌జీ, స్పేస్, స్లాష్ ఏ కొడితే 'ఎస్0 లో-పవర్ ఐడిల్' అని చూపిస్తుంది. రిజిస్ట్రీ మార్చి ఆ ట్యాబ్ తెప్పించే కిటుకులు చెబుతుంటారు, నేనైతే వద్దంటాను. కొన్ని ల్యాప్‌టాప్‌లు ఆ తర్వాత అసలు నిద్రే పోవు.

ఈ ల్యాప్‌టాప్ మోడర్న్ స్టాండ్‌బై రకమే. దీనికి కుదిరిన మందు హైబర్నేట్. పవర్‌సీఎఫ్‌జీ స్లాష్ హెచ్ ఆన్ కొట్టి, 'మూత వేస్తే ఏం చేయాలి' అన్నచోట రెండు గడుల్లోనూ హైబర్నేట్ పెట్టాలి. హైబర్నేట్‌లో విండోస్ తెరిచి ఉన్న పనిని డిస్క్‌లో దాచి యంత్రాన్ని పూర్తిగా ఆపేస్తుంది కాబట్టి మోడెమ్ మళ్లీ మొదటి నుంచి మొదలై పేరు నమోదు చేసుకుంటుంది. సీ డ్రైవ్‌లో ర్యామ్‌లో 40 శాతం, అంటే 16 జీబీకి సుమారు 6.4 జీబీ, పక్కన పెట్టాలి. తెరుచుకోవడం నిద్రకంటే నిదానమే. అయినా ఘన్‌పూర్ నుంచి ఆలేరు దాకా మోడెమ్‌ను వెతుక్కుంటూ కూర్చోవడంకంటే నయం.

లైనక్స్ వాడేవాళ్లకు ఇంకో మెలిక. అక్కడ మోడెమ్‌ను నడిపే ప్రోగ్రామ్ మోడెమ్‌మేనేజర్, 1.18.4 నుంచి ఎఫ్‌సీసీ తాళాన్ని (అమెరికా రేడియో నియమాల కోసం కార్డుకు వేసే సాఫ్ట్‌వేర్ తాళం) తనంతట తాను తీయడం లేదు. పవర్ పోయి వచ్చిన కార్డు మళ్లీ తాళంతోనే లేస్తుంది. దాంతోపాటు వచ్చే అన్‌లాక్ స్క్రిప్టుల్లో మీ కార్డుకు సరిపోయేదాన్ని ఈటీసీ ఫోల్డర్‌లోకి లింకు చేయాలి. లేచాక మోడెమ్ నంబర్ 0 నుంచి 1కి మారొచ్చు, పాత నంబర్‌తో రాసుకున్న స్క్రిప్టు పనిచేయకపోతే ముందు అది చూడండి.

కొనాలా అని అడిగితే, కొనండి. కానీ కొట్లో సిమ్ వేయించి, మూత వేసి పావుగంట ఆగి, తెరిచి చూశాకే డబ్బులు ఇవ్వండి.