ప్రింటర్ కస్టమర్ కేర్ నంబర్ నెట్‌లో వెతుకుతున్నారా? ముందు ఇది చదవండి

ఇంటికి ప్రింటర్ కొన్నవాళ్లు, ముఖ్యంగా ఊళ్లో ఉన్న అమ్మానాన్నలకు కొనిచ్చినవాళ్లు దయచేసి పూర్తిగా చదవండి. రాజమండ్రిలో ఉండే మా మామయ్య ఈ మధ్య ప్రింటర్ బాగుచేయించుకోబోయి 4,999 రూపాయలు పోగొట్టుకున్నారు. అసలు ఆ ప్రింటర్ పాడవనే లేదు.

ఇంట్లో ఇంటర్నెట్ కనెక్షన్ మార్చారు. కొత్త రౌటర్‌తో పాటు వైఫై పేరు, పాస్‌వర్డ్ కూడా మారాయి. ప్రింటర్ మాత్రం ఇంకా పాత వైఫై కోసమే వెతుకుతోంది. కంప్యూటర్‌లో 'ఆఫ్‌లైన్' అని రావడానికి కారణం అంతే. ఆరోజే పొలం 1బీ, అడంగల్ కాపీలు బ్యాంకులో ఇవ్వాలి. ఆ టెన్షన్‌లో మామయ్య ప్రింటర్ కంపెనీ పేరు, పక్కన కస్టమర్ కేర్ నంబర్ అని కొట్టి, అన్నిటికన్నా పైన ప్రకటనగా వచ్చిన నంబర్‌కు ఫోన్ చేశారు. ఆ నంబర్‌కూ ప్రింటర్ కంపెనీకీ ఏ సంబంధమూ లేదు.

ఎత్తిన మనిషి చాలా మర్యాదగా మాట్లాడాడట. ప్రింటర్ మోడల్ అడిగాడు, ఎనీడెస్క్ అనే యాప్ వేసుకోమన్నాడు, అందులో కనిపించే అంకెలు చదవమన్నాడు. ఆ అంకెలు చెప్పి 'యాక్సెప్ట్' నొక్కితే మన కంప్యూటర్ అవతలివాడి చేతికి వెళ్లిపోతుంది. ఈ యాప్‌ను అడ్డం పెట్టుకుని ఖాతాలు ఖాళీ చేస్తున్నారని రిజర్వ్ బ్యాంక్ 2019 ఫిబ్రవరిలోనే బ్యాంకులను హెచ్చరించింది. యాప్‌లో తప్పు లేదు, ఆఫీసుల్లో రోజూ వాడతారు. ముక్కూమొహం తెలియనివాడికి ఆ అంకెలు చెప్పడమే ప్రమాదం.

తర్వాత వాడు విండోస్‌లోని ఈవెంట్ వ్యూయర్ తెరిచి ఎర్ర గుర్తులు, పసుపు త్రికోణాలు వరసగా చూపించాడు. 'ఇవన్నీ వైరస్‌లు సార్, ప్రింటర్ ద్వారా లోపలికి వచ్చాయి, మీ బ్యాంకు వివరాలు బయటకు పోతున్నాయి' అన్నాడు. ఇది పచ్చి అబద్ధం. నమ్మకం లేకపోతే ఇప్పుడే మీ కంప్యూటర్‌లో స్టార్ట్ నొక్కి ఈవెంట్ వ్యూయర్ అని వెతికి తెరవండి. ఏ లోపమూ లేని కంప్యూటర్‌లో కూడా ఆ గుర్తులు బోలెడు ఉంటాయి. ఏదో ఒక సర్వీస్ కాస్త ఆలస్యంగా మొదలైనా విండోస్ అక్కడ రాసుకుంటుంది. ఇంకొందరు నల్ల విండోలో 'ట్రీ' అనే కమాండ్ కొడతారు. ఫోల్డర్ల పేర్లు సర్రున పరుగెడతాయి, చివర్లో 'వైరస్ ఫౌండ్' అని వాళ్లే టైప్ చేస్తారు. చూసేవాళ్లకు అది కంప్యూటర్ ఇచ్చిన రిపోర్టులాగే ఉంటుంది.

ఏడాది 'సెక్యూరిటీ ప్లాన్' పేరుతో 4,999 యూపీఐలో కట్టించుకున్నారు. అయినా ప్రింట్ రాలేదు! మర్నాడు మళ్లీ ఫోన్: 'ప్లాన్ క్యాన్సిల్ అయింది, డబ్బు వెనక్కి వేస్తాం, నెట్ బ్యాంకింగ్ తెరవండి.' అదృష్టం బాగుండి ఆ సమయానికి మా బావ ఇంట్లోనే ఉండి ఇంటర్నెట్ తీసేశాడు. అసలు పెద్ద దెబ్బ పడేది ఈ రిఫండ్ దగ్గరే. మీ ఖాతాలోకి డబ్బు వేయడానికి మీరు నెట్ బ్యాంకింగ్ తెరవాల్సిన పని లేదు, పిన్ కొట్టాల్సిన పనీ లేదు.

వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేశారు, బ్యాంకుకు చెప్పారు, సైబర్‌క్రైమ్ డాట్ జీఓవీ డాట్ ఇన్‌లో ఫిర్యాదు పెట్టారు. డబ్బు ఇంకా రాలేదు. ఎంత త్వరగా చెబితే ఆ డబ్బు ఖాతాల మధ్య చేతులు మారకముందే ఆపే అవకాశం అంత ఎక్కువ, కాబట్టి సిగ్గుపడి గంటలు గడపొద్దు. ఎనీడెస్క్‌ను తీసేయండి, కంప్యూటర్‌ను నెట్ నుంచి విడదీయండి, పాస్‌వర్డ్‌లు వేరే ఫోన్ నుంచి మార్చండి.

నాకు బాధేమిటంటే, ఇంట్లో ప్రింటర్‌కు వచ్చే ఇబ్బందుల్లో ఎక్కువ భాగం మనమే సరిచేసుకోగలం. వైఫై మారితే ప్రింటర్ మీదున్న సెట్టింగ్స్‌లోకి వెళ్లి కొత్త పేరు, పాస్‌వర్డ్ ఇవ్వాలి. స్క్రీన్ లేని మోడల్ అయితే ఫోన్‌లో కంపెనీ యాప్ ద్వారా కలపొచ్చు. ఇక్కడ ఒక మెలిక ఉంది: చాలా ఇంటి ప్రింటర్లు 2.4 గిగాహెర్ట్జ్ వైఫైనే పట్టుకుంటాయి, రౌటర్‌లో 5 గిగాహెర్ట్జ్ పేరు ఎంచుకుంటే ఎంతసేపైనా కలవవు. మామయ్య ప్రింటర్‌ను మా బావ ఇలాగే కలిపాడు, పైసా ఖర్చు లేదు.

ప్రింట్ క్యూలో ఇరుక్కుపోయి డిలీట్ కూడా కాకపోతే, స్టార్ట్‌లో సర్వీసెస్ అని వెతికి తెరిచి ప్రింట్ స్పూలర్‌ను (ప్రింట్లను వరసలో పెట్టి పంపే సర్వీస్) ఆపండి. సి డ్రైవ్‌లో విండోస్, సిస్టమ్32, స్పూల్, ప్రింటర్స్ అనే ఫోల్డర్ వరకు వెళ్లి, దానిలోపలి ఫైళ్లు మాత్రమే తీసేసి, స్పూలర్‌ను మళ్లీ స్టార్ట్ చేయండి. అక్షరాల మధ్య తెల్ల గీతలు వస్తే నాజిల్ చెక్ (ఇంకు వచ్చే సన్నని రంధ్రాలు మూసుకుపోయాయేమో చూసే పేజీ) ప్రింట్ తీసి, అవసరమైతేనే హెడ్ క్లీనింగ్ చేయండి. దానికి ఇంకు బాగా ఖర్చవుతుంది, వరసపెట్టి చేయకండి.

డ్రైవర్ల (కంప్యూటర్‌తో ప్రింటర్‌ను పనిచేయించే సాఫ్ట్‌వేర్) దగ్గరా ఇదే మోసం నడుస్తోంది. కంపెనీ పేరు కలిసొచ్చేలా సైట్లు పెడతారు. డౌన్‌లోడ్ నొక్కితే ఇన్‌స్టాల్ అవుతున్నట్టు గీత కదిలి, మధ్యలో ఆగి, ఏదో ఎర్రర్ కోడ్, దాని కింద ఫోన్ నంబర్ వస్తాయి. అక్కడ ఏ డ్రైవరూ ఉండదు, ఆ నంబర్‌కు మీతో ఫోన్ చేయించడమే వాళ్ల ఉద్దేశం. విండోస్ 10, 11లో చాలా ప్రింటర్లకు డ్రైవర్ సెట్టింగ్స్‌లో 'యాడ్ డివైస్' (విండోస్ 10లో 'యాడ్ ఎ ప్రింటర్ ఆర్ స్కానర్') నొక్కితేనే వచ్చేస్తుంది.

నంబర్ కావాలంటే ప్రింటర్ పెట్టె మీద, వారంటీ కార్డు మీద ఉన్నదే వాడండి. అసలు కంపెనీవాళ్లు కూడా ఒక్కోసారి స్క్రీన్ చూస్తామని అడుగుతారు. కానీ మీరు కార్డు మీది నంబర్‌కు చేసిన ఫోన్ అయితేనే ఒప్పుకోండి, బ్యాంకు యాప్‌లన్నీ మూసేశాక ఒప్పుకోండి. వారంటీలో ఉన్న ప్రింటర్‌ను వైఫైకి కలపడానికి ఏడాది ప్లాన్ కొనమన్నారంటే ఇంకేం వినకుండా ఫోన్ పెట్టేయండి. ఈసారి ఇంటికి వెళ్లినప్పుడు ఆ కార్డు మీది నంబర్‌ను అమ్మానాన్నల ఫోన్లలో సేవ్ చేసి రండి.