లినక్స్‌లో తెలుగు అక్షరం: పదిహేనేళ్లు వాడాక

ఒడిశాలోని పర్లాకిమిడిలో మాది చిన్న డీటీపీ షాపు. తెలుగు, ఒడియా రెండూ ఒకే శుభలేఖలో వేస్తాం. పక్కనే ఆంధ్రలో ఉన్న పాతపట్నం నుంచి కూడా వస్తారు. 2009 నుంచి పనంతా లినక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ మీదే.

మొదట్లో తెర మీద అక్షరాలు మసకగా ఉండేవి. ఒకసారి ‘వధువు’ బదులు ‘వదువు’ అని పడింది. ధ కింద ఉండే ఆ చిన్న నిలువు గీత మామూలు సైజులో ఆనేది కాదు, రెండుసార్లు ప్రూఫ్ చూసినా దొరకలేదు. రెండు వందల కార్డులు మళ్లీ వేశాం. పెళ్లివారి ముందు తలెత్తుకోలేకపోయాను.

ఫాంటును తిట్టుకున్నాను గానీ అసలు అడ్డు పేటెంట్లు. లినక్స్‌లో అక్షరాన్ని తెర మీద గీసేది ఫ్రీటైప్ అనే సాఫ్ట్‌వేర్. ఒక్కో పిక్సెల్‌లో ఎరుపు, ఆకుపచ్చ, నీలం పట్టీలు పక్కపక్కన ఉంటాయి. వాటిని విడివిడిగా వాడుకుంటే నిలువు గీతలు సన్నగా, స్పష్టంగా వస్తాయి. 1998లో మైక్రోసాఫ్ట్ ప్రకటించిన క్లియర్‌టైప్ ఇదే. ఫ్రీటైప్‌లో ఆ కోడ్ ఉన్నా, పేటెంట్ల వల్ల ఆపి ఉంచేవారు. మన పేటెంట్ చట్టంలో సెక్షన్ 3(కె) ప్రకారం ఒట్టి కంప్యూటర్ ప్రోగ్రాంకి పేటెంటే లేదు. అయినా అమెరికా పేటెంటు పర్లాకిమిడిలో నా కళ్లకు అడ్డుపడింది. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది.

2010లో హింటింగ్ (అక్షరం గీతలను పిక్సెళ్లకు సరిపెట్టేలా ఫాంట్‌లో ఉండే సూచనలు) మీద ఆపిల్ పేటెంట్లు తీరిపోయి ఇంగ్లీషు అక్షరాలు బాగుపడ్డాయి. నా తెలుగు ఫాంట్లలో హింటింగే లేదు కాబట్టి నాకు ఒరిగింది లేదు. 2017లో ఫ్రీటైప్ 2.8.1తో హార్మొనీ అనే కొత్త పద్ధతి వచ్చింది. పేటెంట్ జోలికి పోకుండా, ఒక్కో రంగుకీ అక్షరాన్ని కాస్త జరిపి గీస్తుంది. ఆ అప్‌డేట్ వేసుకున్నాక ‘వధువు’ టైప్ చేసి చూశాను. గీత కనబడింది! 2019కి క్లియర్‌టైప్ పేటెంట్లూ ముగిశాయి.

ఒత్తుల సంగతి మాత్రం వేరు. పట్టీలు పక్కపక్కన ఉంటాయి కాబట్టి లాభమంతా అడ్డంగానే. ‘లక్ష్మి’, ‘స్త్రీ’ లాంటివి నిలువుగా ఇరుక్కునే ఉంటాయి. నేను మానిటర్‌ని నిలువుగా తిప్పి, ఫాంట్ సెట్టింగులో సబ్‌పిక్సెల్ (అంటే ఆ రంగు పట్టీల) వరసను నిలువు ఆర్‌జీబీకి, అంటే పైనుంచి కిందికి ఎరుపు, ఆకుపచ్చ, నీలంగా మార్చాను. పట్టీలు ఒకదాని కింద ఒకటి వచ్చి, ఒత్తులు విడివిడిగా తేలాయి. తిప్పినవైపుని బట్టి నిలువు బీజీఆర్ (అదే వరస తిరగేసి) పెట్టాల్సి రావచ్చు, అంచుల్లో రంగు కనబడితే అది మార్చి చూడండి. మా శుభలేఖల పేజీ ఎలాగూ నిలువుదే, ఇప్పుడు మొత్తం ఒకేసారి కనబడుతోంది.