బ్యాండ్‌క్యాంప్‌లో కొత్త సైకడెలిక్ సంగీతం: ఏళ్ళ తరబడి వాడాక సమీక్ష

కొత్త ఇండిపెండెంట్ సంగీతం, అందులోనూ మత్తుగా, కలలో ఉన్నట్టు సాగే సైకడెలిక్ రాక్ వెతుక్కోవడానికి, కళాకారులు తమ పాటలు నేరుగా శ్రోతలకు అమ్ముకునే బ్యాండ్‌క్యాంప్ వెబ్‌సైట్‌ని మించిన చోటు నాకు ఇప్పటికీ దొరకలేదు. కానీ దాని ట్యాగులనే నమ్ముకుంటే మాత్రం విసుగే మిగులుతుంది.

ట్యాగులంటే సంగీతం ఏ రకమో చెప్పే గుర్తులు, ఎవరి రికార్డుకు వాళ్ళే పెట్టుకుంటారు. "సైకడెలిక్" అని నొక్కితే సైట్రాన్స్ అనే ఎలక్ట్రానిక్ డ్యాన్స్ సంగీతం, ధ్యానానికి పెట్టుకునే, ఒకే స్వరం సాగే డ్రోన్ సంగీతం, గిటార్‌కి కాస్త రివర్బ్ (ప్రతిధ్వని) తగిలించిన పాప్ పాటలు అన్నీ కలగాపులగంగా వచ్చిపడతాయి. అందుకే క్రౌట్‌రాక్, స్పేస్ రాక్, యాసిడ్ ఫోక్, జామ్‌రాక్, అనటోలియన్ రాక్ లాంటి, ఇంకా నిర్దిష్టమైన శైలుల ట్యాగులతో మొదలుపెట్టండి. వరస కూడా ఎక్కువ అమ్ముడైనవి కాకుండా కొత్తగా వచ్చినవి ముందు ఉండేలా మార్చుకోండి. లేకపోతే పేరున్న బ్యాండ్లే తిరిగి తిరిగి కనిపిస్తాయి.

అసలు సరుకంతా ఆల్బమ్ పేజీలోనే ఉంది. కొన్నవాళ్ళ చిన్న చిన్న ఫొటోలు అక్కడ వరసగా ఉంటాయి. కొందరు తమకు నచ్చిన ట్రాక్ పేరు, ఎందుకు నచ్చిందో ఒకటి రెండు వాక్యాలూ రాస్తారు. ఫొటో నొక్కితే ఆ మనిషి కలెక్షన్ మొత్తం తెరుచుకుంటుంది. దీన్ని వాడుకోవడంలో కిటుకు ఉంది. బాగా పేరున్న రికార్డు నుంచి మొదలుపెడితే వేలమంది కొన్నవాళ్ళుంటారు, వాళ్ళ అభిరుచి గురించి ఏమీ తేలదు. మీకు ప్రాణమైన, ఓ యాభై వంద మందే కొన్న రికార్డు తీసుకోండి. వాళ్ళలో నలుగురి కలెక్షన్లు పక్కపక్కన తెరవండి. కనీసం ఇద్దరి దగ్గర ఉండి, మీరెప్పుడూ పేరు వినని రికార్డు ఏదైనా కనిపిస్తే అదే వినండి. ఏ ఆల్గారిథమ్ సిఫార్సూ నాకు ఇంత గురిగా తగల్లేదు. అభిరుచి కలిసినవాళ్ళను ఫాలో అయితే వాళ్ళు తర్వాత కొనేవి మీ ఫీడ్‌లోకే వస్తాయి.

రెండో దారి లేబుళ్ళు, అంటే రికార్డులు విడుదల చేసే సంస్థలు. జపాన్ బ్యాండ్ కికగకు మోయో సభ్యులు 2014లో పెట్టిన గురుగురు బ్రెయిన్ ఆసియా బ్యాండ్లకు మంచి ద్వారం. ఫజ్ (గరగరలాడే గిటార్ ధ్వని), మోత కావాలంటే బ్రిస్టల్‌లోని రాకెట్ రికార్డింగ్స్, లండన్‌లోని ఫజ్ క్లబ్. పాత అరబ్బు ఫంక్, సోల్ రికార్డుల కోసం బెర్లిన్‌లోని హబీబీ ఫంక్. ఫాలో అయిన ప్రతి లేబుల్ నుంచీ కొత్త విడుదలకి మెయిల్ వస్తుంది కాబట్టి వాటికి జీమెయిల్‌లో ఫిల్టర్ పెట్టి విడిగా దాచుకోండి, వారానికోసారి తీరిగ్గా చూడొచ్చు.

విడుదలకు ముందే కొనే ప్రీఆర్డర్‌తో జాగ్రత్త. డబ్బు వెంటనే కట్ అవుతుంది, అప్పటికి వినడానికి సాధారణంగా ఒకటో రెండో ట్రాకులే ఉంటాయి. ముందుగా వదిలేది తరచుగా చిన్న ట్రాకే, ఆల్బమ్‌లో పదిహేను నిమిషాల జామ్‌లు (అప్పటికప్పుడు అల్లుకుంటూ సాగే వాయింపులు) ఎలా ఉన్నాయో దాన్నిబట్టి తెలియదు. బ్యాండ్ మీద ముందే నమ్మకం ఉంటే తప్ప విడుదల రోజు దాకా ఆగడమే మేలు. వెబ్‌సైట్‌లో ఉచితంగా వినిపించేది నాణ్యత తగ్గించిన 128 కేబీపీఎస్ ఎంపీ3. ఫజ్ గిటార్, సింబల్స్ కలిసిన చోట అది బురదబురదగా వినిపిస్తుంది, దాన్ని విని మిక్స్ బాగాలేదని తీర్పు చెప్పకండి. కొన్నాక ఫ్లాక్ (నాణ్యత తగ్గించకుండా దాచే ఫైలు) దించుకోండి. నలభై నిమిషాల ఆల్బమ్ 16 బిట్‌లో సుమారు 250 ఎంబీ, 24 బిట్ అయితే దానికి దాదాపు రెట్టింపు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. నాగోలు నుంచి రాయదుర్గం దాకా మెట్రోలో వినడానికైతే 320 కేబీపీఎస్ ఎంపీ3 చాలు, దాదాపు 100 ఎంబీలో అయిపోతుంది.

డబ్బు కట్టడం దగ్గరే మనవాళ్ళకి చిక్కు. యూపీఐ లేదు, కార్డో పేపాలో ఉండాలి. 2020 మార్చి నుంచి బ్యాంకులు ఇచ్చే కొత్త కార్డుల్లో విదేశీ ఆన్‌లైన్ లావాదేవీలు ఆపేసే ఉంటాయి. బ్యాంకు యాప్‌లో ఆన్ చేసి, చిన్న లిమిట్ పెట్టి, కొన్నాక మళ్ళీ ఆఫ్ చేయండి. చాలా కార్డులకి 2 నుంచి 3.5 శాతం ఫారెక్స్ మార్కప్ (విదేశీ కరెన్సీ మార్చినందుకు బ్యాంకు రుసుము), ఆ మార్కప్ మీద 18 శాతం జీఎస్టీ పడతాయి.

డిజిటల్ అమ్మకాల్లో 15 శాతం, వస్తువుల మీద 10 శాతం బ్యాండ్‌క్యాంప్ తీసుకుంటుంది. 2020 మార్చిలో మొదలైన బ్యాండ్‌క్యాంప్ ఫ్రైడే రోజుల్లో ఆ వాటా వదులుకుంటుంది. అది ప్రతి నెలా ఉండదు, తేదీలు ముందే ప్రకటిస్తారు. లెక్క అమెరికా పసిఫిక్ సమయం ప్రకారం కాబట్టి హైదరాబాద్‌లో శుక్రవారం మధ్యాహ్నం 12:30కి, అక్కడి చలికాలంలో 1:30కి మొదలై మర్నాడు అదే వేళకి ముగుస్తుంది. శుక్రవారం పొద్దున్నే కొనేస్తే ఆ లాభం కళాకారుడికి అందదు.

ఎల్‌పీలు (వినైల్ ప్లేట్లు) తెప్పించుకునేవాళ్ళు షిప్పింగ్ ఖర్చు, కస్టమ్స్ సుంకం కలిపి చూసుకోండి, ఆ రెండూ కలిసి రికార్డు ధరను దాటిపోవచ్చు. ఏప్రిల్, మే నెలల్లో ఆర్డర్ పెట్టకండి. మన ఎండల్లో డెలివరీ వ్యాన్‌లో పడి ఉన్న ప్లేటు వంగిపోవచ్చు. వచ్చిన వెంటనే పైన బిగుతుగా ఉన్న ప్లాస్టిక్ తీసేసి, ఎండ తగలని గోడ పక్కన నిలువుగా పెట్టండి.